బ్రౌజర్‌లో ప్రోగ్రామింగ్: చేసి చూస్తూ, చెడగొట్టి చూస్తూ నేర్చుకునే పూర్తి గైడ్

జావాస్క్రిప్ట్ వీడియోలు చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది, తీరా ఖాళీ ఫైల్ తెరిచి కూర్చుంటే మొదటి వరుస ఏం రాయాలో తోచదు. కొత్తగా నేర్చుకునేవాళ్లలో చాలామంది ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. తెలివికీ దీనికీ సంబంధం లేదు, చేతికి అలవాటు కాకపోవడమే కారణం. అందుకే ఈ గైడ్ మొత్తం ఒకే పద్ధతిలో నడుస్తుంది: ఎంటర్ నొక్కే ముందు ఏం వస్తుందో మీరే ఊహించండి, తర్వాత నొక్కండి, ఊహ తప్పితే ఎందుకు తప్పిందో తేలేదాకా ముందుకు వెళ్లకండి. నెమ్మదిగా అనిపిస్తుంది, కానీ ఇలా నేర్చుకున్నది మర్చిపోరు.

ఏం కావాలి

ఒక కంప్యూటర్, అందులో క్రోమ్ గానీ ఫైర్‌ఫాక్స్ గానీ, కోడ్ రాసుకోవడానికి వీఎస్ కోడ్ లాంటి ఉచిత ఎడిటర్. అంతే. ఫోన్ బ్రౌజర్లలో మామూలుగా డెవలపర్ టూల్స్ (పేజీ లోపలిని విప్పి చూపించే పనిముట్లు) ఉండవు కాబట్టి ఫోన్ మీద ఇందులో సగం పనులు చేయలేరు, పాత కంప్యూటర్ అయినా సరే అదే మేలు. రియాక్ట్, యాంగ్యులర్ లాంటి పేర్లు (జావాస్క్రిప్ట్ మీద కట్టిన రెడీమేడ్ పనిముట్లు) ఎవరైనా చెబితే విని పక్కన పెట్టండి. అవి మంచివే, కానీ బ్రౌజర్ తనంతట తాను ఏం చేస్తుందో తెలియకుండా వాటిలోకి దిగితే ఏ ఎర్రర్ ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చుకోలేక నలిగిపోతారు.

టైపింగ్ గురించి ఒక మాట. కోడ్‌లో వచ్చే ఇంగ్లీషు మాటల్ని ఇక్కడ పలికినట్టే తెలుగు లిపిలో రాశాను, మీరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేయాలి. స్పెల్లింగ్ గురించి టెన్షన్ పడకండి. మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టగానే ఎడిటరూ, బ్రౌజర్ కన్సోలూ మిగతాది సూచిస్తాయి, ట్యాబ్ నొక్కితే నిండిపోతుంది. రెండు మూడు మాటలు కలిసిన పేర్లలో చాలావరకు రెండో మాట నుంచి ప్రతి మాట మొదటి అక్షరం క్యాపిటల్‌లో ఉంటుంది, మిగతావన్నీ చిన్న అక్షరాలే. టెక్స్ట్‌ఏరియా, కీడౌన్, ఆన్‌ఎర్రర్ లాంటివి మాత్రం పూర్తిగా చిన్న అక్షరాలే. క్యాపిటల్ ఒక్కటి తేడా వచ్చినా జావాస్క్రిప్ట్ ఒప్పుకోదు.

మొదటి అడుగు: వేరేవాళ్ల పేజీని విప్పి చూడండి

ఏదైనా వార్తల సైట్ తెరిచి, పెద్ద హెడ్డింగ్ మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్పెక్ట్ నొక్కండి. (విండోస్‌లో ఎఫ్12 కొట్టినా డెవలపర్ టూల్స్ తెరుచుకుంటాయి, మ్యాక్‌లో అయితే కమాండ్, ఆప్షన్, ఐ మూడూ కలిపి.) ఎలిమెంట్స్ ప్యానెల్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో దీన్నే ఇన్‌స్పెక్టర్ అంటారు, ఆ హెడ్డింగ్ ఉన్న వరుస వెలుగుతుంది. దాని మీద డబుల్ క్లిక్ చేసి అక్షరాలు మార్చి ఎంటర్ కొట్టండి. పేజీలో హెడ్డింగ్ మారిపోతుంది. ఇప్పుడు రిఫ్రెష్ చేస్తే ఏమవుతుంది? చేసే ముందు ఊహించండి.

పాతదే తిరిగి వస్తుంది. మీరు మార్చింది సైట్‌ని కాదు, మీ బ్రౌజర్ తన మెమరీలో కట్టుకున్న నిర్మాణాన్ని. సర్వర్ పంపేది ఉత్త టెక్స్ట్, బ్రౌజర్ దాన్ని చదివి కొమ్మలు కొమ్మలుగా ఒక చెట్టు కడుతుంది, దాని పేరే డామ్. తెర మీద కనిపించేది ఆ చెట్టు నుంచి గీసిన బొమ్మ. జావాస్క్రిప్ట్ పేజీని మార్చింది అంటే ఈ చెట్టుని మార్చిందనే అర్థం.

ఫైల్ వేరు, చెట్టు వేరు అన్నది కళ్లారా చూడాలంటే ఒక చిన్న ప్రయోగం ఉంది. ఒక హెచ్‌టీఎంఎల్ (పేజీలో ఏమేం ఉండాలో ట్యాగులతో రాసే భాష) ఫైల్‌లో టేబుల్ ట్యాగ్, దాని లోపల టీఆర్, దాని లోపల టీడీ, అందులో ఒక మాట రాసి బ్రౌజర్‌లో తెరవండి. ఎలిమెంట్స్‌లో చూస్తే టేబుల్‌కీ టీఆర్‌కీ మధ్య మీరు రాయని టీబాడీ అనే ట్యాగ్ కనిపిస్తుంది. కంట్రోల్, యూ కొట్టి సోర్స్ చూస్తే అక్కడ అది ఉండదు. హెచ్‌టీఎంఎల్ నియమాల ప్రకారం బ్రౌజరే దాన్ని చేర్చింది. మీరు మూయడం మర్చిపోయిన ట్యాగుల్ని కూడా ఇలాగే తనకు తోచినట్టు సర్దుకుంటుంది, ఎర్రర్ చూపించదు. "కోడ్ బాగానే ఉంది, పేజీ మాత్రం వేరేలా ఉంది" అనిపించినప్పుడల్లా సోర్స్‌నీ ఎలిమెంట్స్‌నీ పక్కపక్కన పెట్టి చూడండి, సగం సమస్యలు అక్కడే బయటపడతాయి.

అదే ప్యానెల్‌లో స్టైల్స్ భాగం ఉంటుంది. ఏ నియమం పక్కనైనా టిక్ తీసేసి చూడండి, అంకెల మీద క్లిక్ చేసి పై బాణం, కింది బాణం నొక్కి చూడండి. ఈ నియమాలు రాసే భాషే సీఎస్ఎస్, పేజీ ఎలా కనిపించాలో చెప్పేది. అందులో ముందుగా పట్టు దొరకాల్సినవి ప్యాడింగ్ (లోపలి ఖాళీ), మార్జిన్ (బయటి ఖాళీ), ఫ్లెక్స్‌బాక్స్ (వస్తువుల్ని వరుసగా అమర్చే పద్ధతి). మిగతావి అవసరం వచ్చినప్పుడు చూసుకోవచ్చు.

రెండో అడుగు: కన్సోల్

డెవలపర్ టూల్స్‌లోనే కన్సోల్ ట్యాబ్ ఉంటుంది. ముందుగా ఒక జాగ్రత్త: ఎవరో పంపిన కోడ్‌ని అర్థం కాకుండా ఇందులో పేస్ట్ చేయకండి. మీరు లాగిన్ అయి ఉన్న సైట్‌లో ఆ కోడ్ మీ పేరుతోనే పనులు చేసేయగలదు. ఏదైనా పేస్ట్ చేయబోతే క్రోమ్, ఫైర్‌ఫాక్స్ హెచ్చరించి ఆపేది ఇందుకే. ప్రాక్టీస్‌కి ఖాళీ ట్యాబ్ వాడండి, పేస్ట్ చేయకుండా చేత్తోనే టైప్ చేయండి.

ఇక ఈ నాలుగు వరుసలు. ప్రతిదానికీ జవాబు కాగితం మీద రాసుకున్నాకే ఎంటర్ కొట్టండి. క్రోమ్ ఎంటర్ కొట్టకముందే కింద మసగ్గా జవాబు చూపించేస్తుంది, అది ఊహించే అవకాశాన్ని చెడగొడుతుంది, కన్సోల్ సెట్టింగ్స్‌లో ఈగర్ ఎవాల్యుయేషన్ టిక్ తీసేయండి.

2 + 3 * 4
"5" + 3
"5" - 3
0.1 + 0.2

మొదటిది 14. రెండోది "53", మూడోది 2, నాలుగోది 0.30000000000000004. కోట్స్‌లో ఉన్న 5 అంకె కాదు, అక్షరం. ప్లస్‌కి ఒక పక్క అక్షరాలు ఉంటే రెండోదాన్నీ అక్షరాలుగా మార్చి అతికిస్తుంది, మైనస్‌కి అతికించడం అనే పనే లేదు కాబట్టి రెండింటినీ అంకెలుగా మార్చి తీసివేస్తుంది. నాలుగోదానికి కారణం వేరు, కంప్యూటర్ 0.1ని బైనరీలో కచ్చితంగా రాయలేదు, దగ్గరి విలువతో సరిపెట్టుకుంటుంది. చాలా భాషల్లో ఇదే జరుగుతుంది. డబ్బు లెక్కలు దశాంశాల్లో చేయవద్దని ప్రోగ్రామర్లు చెప్పేది ఇందుకే.

రెండో వరుస లాంటి వింతలు జావాస్క్రిప్ట్‌లో ఇంకా ఉన్నాయి. 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ దీని మొదటి రూపాన్ని పది రోజుల్లో తయారుచేశాడు, 1997లో ఎక్మాస్క్రిప్ట్ పేరుతో ప్రమాణం వచ్చింది. అప్పటికే రాసిన పేజీలు ఆగిపోకూడదు కాబట్టి పాత ప్రవర్తనని తీసేయడం కుదరదు, కొత్తవి చేర్చడమే. "53" దగ్గర ఇంతసేపు ఎందుకు ఆగానో కింద ప్రాజెక్టులో తెలుస్తుంది, అది గుర్తుపెట్టుకోండి.

తర్వాత పేర్లు పెట్టడం. జావాస్క్రిప్ట్ తెలుగు పేర్లని కూడా ఒప్పుకుంటుంది, ఈ కింది వరుసలు ఉన్నవి ఉన్నట్టే పనిచేస్తాయి:

నెల = 250
ఏడాది = నెల * 12
రెట్టింపు = (సంఖ్య) => సంఖ్య * 2
రెట్టింపు(ఏడాది)

చివరి వరుసకి 6000 వస్తుంది. మూడో వరుస ఒక ఫంక్షన్: బ్రాకెట్లో లోపలికి వచ్చేది, బాణం తర్వాత బయటికి వెళ్లేది. ఇప్పుడు నెల = 300 అని మార్చి, ఏడాది అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. ఎంత వస్తుందంటారు? 3600 అని చాలామంది అనుకుంటారు, వచ్చేది 3000. సమాన గుర్తు ఆ క్షణంలో లెక్క కట్టి ఫలితాన్ని దాస్తుంది, రెండు పేర్లకీ మధ్య శాశ్వత సంబంధం ఏమీ పెట్టదు. స్ప్రెడ్‌షీట్ అలవాటు ఉన్నవాళ్లు ఇక్కడ తప్పకుండా తడబడతారు. (కన్సోల్‌లో కాబట్టి నేరుగా పేరు రాశాం, ఫైల్‌లో రాసేటప్పుడు మారని వాటికి కాన్స్ట్, మారే వాటికి లెట్ ముందు పెట్టండి.)

కావాలని తప్పులు కూడా చేయండి. పెట్టని పేరు ఒకటి టైప్ చేయండి, బ్రాకెట్ మూయకుండా వదిలేయండి, ఏడాది() అని అంకెని ఫంక్షన్‌లా పిలవండి. వరుసగా రిఫరెన్స్ ఎర్రర్, ఎంటర్ కొట్టినా కొత్త వరుసకి వెళ్లిపోవడం, టైప్ ఎర్రర్ చూస్తారు. ఎర్రటి అక్షరాలు కనబడగానే కంగారుపడి చెరిపేసే అలవాటు మొదట్లోనే మానుకోవాలి, ఆ ఒక్క వరుసలో ఏ రకం తప్పు, ఏ పేరు దగ్గర, ఏ ఫైల్‌లో ఎన్నో వరుస అనేది మొత్తం ఉంటుంది. నాకైతే నేర్చుకునేవాళ్లలో ముందు చూడాల్సిన నైపుణ్యం ఇదే అనిపిస్తుంది.

కన్సోల్‌లో చివరిగా ఇది:

[..."తెలుగు"]

మూడు అక్షరాలే కదా అనుకుంటాం, ఆరు ముక్కలు వస్తాయి: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకీ సంఖ్యలు ఇచ్చే ప్రమాణం) హల్లుకీ గుణింతానికీ వేరువేరు సంకేతాలు ఉన్నాయి, జావాస్క్రిప్ట్ వాటినే లెక్కపెడుతుంది. మన ప్రాజెక్టు ఇక్కడి నుంచే పుడుతుంది, తెలుగు అక్షరాల్ని సరిగ్గా లెక్కపెట్టే పేజీ.

మూడో అడుగు: సొంత ఫైల్

ఒక ఫోల్డర్ చేసి అందులో ఇండెక్స్ అనే హెచ్‌టీఎంఎల్ ఫైల్, మెయిన్ అనే జేఎస్ ఫైల్ పెట్టండి. వీఎస్ కోడ్‌లో ఖాళీ హెచ్‌టీఎంఎల్ ఫైల్ తెరిచి ఆశ్చర్యార్థకం గుర్తు కొట్టి ట్యాబ్ నొక్కితే అవసరమైన అస్థిపంజరం అంతా అదే రాసిపెడుతుంది. బాడీ లోపల ఒక టెక్స్ట్‌ఏరియా, దాని కింద ఒక ఖాళీ పి ట్యాగ్ రాయండి. హెడ్‌లో స్క్రిప్ట్ ట్యాగ్‌తో మెయిన్ ఫైల్‌ని కలపండి.

అస్థిపంజరంలో మెటా ట్యాగ్‌తో క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అని ఉన్న వరుసని ఒకసారి తీసేసి, పేజీలో ఏదైనా తెలుగు మాట రాసి తెరిచి చూడండి. తెలుగు బదులు అర్థం లేని గుర్తుల వరుస కనిపించవచ్చు, అలా వస్తే అవే బైట్లని బ్రౌజర్ వేరే పట్టికతో చదివిందన్నమాట. (మీ కంప్యూటర్‌లోని ఫైల్ అయితే కొత్త బ్రౌజర్లు యూటీఎఫ్-8 అని తామే పసిగట్టి సరిగ్గానే చూపించవచ్చు కూడా.) వరుస తిరిగి పెట్టేయండి. తెలుగు సైట్లలో అప్పుడప్పుడు కనిపించే ఆ గజిబిజికి మూలం ఇదేనని ఒక్కసారి చేసి చూస్తే ఇక మర్చిపోరు.

ఇప్పుడు మెయిన్ ఫైల్‌లో:

కాన్స్ట్ పెట్టె = డాక్యుమెంట్.క్వెరీసెలెక్టర్("టెక్స్ట్‌ఏరియా");
కాన్స్ట్ లెక్క = డాక్యుమెంట్.క్వెరీసెలెక్టర్("పి");
పెట్టె.యాడ్‌ఈవెంట్‌లిజనర్("ఇన్‌పుట్", () => {
  లెక్క.టెక్స్ట్‌కంటెంట్ = పెట్టె.వ్యాల్యూ.లెంగ్త్;
});

తెరిస్తే, హెడ్‌లో స్క్రిప్ట్ మామూలుగా పెట్టి ఉంటే, పనిచేయదు. కన్సోల్‌లో నల్ మీద ప్రాపర్టీ చదవలేనని టైప్ ఎర్రర్ ఉంటుంది. ఫైల్‌ని బ్రౌజర్ పై నుంచి కిందికి చదువుతుంది, స్క్రిప్ట్ దొరకగానే ఆగి దాన్ని నడుపుతుంది, ఆ సమయానికి టెక్స్ట్‌ఏరియా చెట్టులో ఇంకా లేదు. లేనిదాన్ని వెతికితే నల్ వస్తుంది. స్క్రిప్ట్ ట్యాగ్‌లో డిఫర్ అనే మాట చేర్చండి, అప్పుడు పేజీ అంతా చదివాకే నడుస్తుంది. ఈ నల్ ఎర్రర్ మీకు ముందు ముందు కూడా ఎదురవుతుంది, అప్పుడు చూడాల్సినవి రెండే: వెతికిన పేరు తప్పా, లేక వెతికిన సమయం తప్పా.

నాలుగో అడుగు: లెక్క సరిచేయడం

పెట్టెలో టైప్ చేస్తుంటే కింద అంకె మారుతుంది. తెలుగు అని రాస్తే 6 వస్తుంది, ఊహించిందే. దాన్ని సరిచేసేముందు ఒక ప్రయోగం. ఇన్‌పుట్ బదులు కీడౌన్ అని మార్చి చూడండి. లెక్క ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటుంది, మౌస్‌తో పేస్ట్ చేస్తే అసలు కదలదు. కీడౌన్ అనేది మీట నొక్కిన క్షణం, అక్షరం పెట్టెలోకి ఇంకా చేరలేదు. ఇన్‌పుట్ అనేది పెట్టెలో విలువ మారిన తర్వాత వచ్చే కబురు (ఇలాంటి కబుర్లనే ఈవెంట్లు అంటారు), వాడేవాళ్లు దాన్ని ఎలా మార్చినా సరే, కీబోర్డుతోనా, పేస్ట్‌తోనా, నోటితో చెప్పడంతోనా అని చూడదు. తెలుగు ట్రాన్స్‌లిటరేషన్ కీబోర్డులతో ఒక మీటకీ ఒక అక్షరానికీ పొత్తు ఉండదు కాబట్టి మనకి ఈ తేడా ఇంకా ముఖ్యం.

అక్షరాల లెక్కకి బ్రౌజర్‌లోనే ఇంటెల్ (ఇంగ్లీషులో ఐ, ఎన్, టీ, ఎల్ అనే నాలుగు అక్షరాలే) అనే వస్తువు కింద సెగ్మెంటర్ ఉంది. క్రోమ్‌లో ముందే ఉండేది, 2024లో ఫైర్‌ఫాక్స్‌కి కూడా రావడంతో ఇప్పుడు ప్రధాన బ్రౌజర్లన్నిటిలో ఉన్నట్టే. వాడటం ఇలా:

కాన్స్ట్ విడదీసేది = న్యూ ఇంటెల్.సెగ్మెంటర్("టీఈ");
లెక్క.టెక్స్ట్‌కంటెంట్ = [...విడదీసేది.సెగ్మెంట్(పెట్టె.వ్యాల్యూ)].లెంగ్త్;

కోట్స్‌లో ఉన్నది తెలుగు భాష సంకేతం, ఇంగ్లీషులో రెండు అక్షరాలు. మొదటి వరుస పైన ఒకసారి, రెండోది ఈవెంట్ లోపల పాత వరుస స్థానంలో పెట్టండి. క్వెరీసెలెక్టర్ లాంటి పేర్లలా కాకుండా ఇంటెల్, సెగ్మెంటర్ రెండూ క్యాపిటల్‌తోనే మొదలవుతాయి. ఇప్పుడు తెలుగు అంటే 3. స్త్రీ అని రాసి చూడండి. ఒత్తులున్న అక్షరాన్ని విడగొట్టకూడదనే నియమం తెలుగుకి యూనికోడ్‌లో 2023లో చేరింది కాబట్టి, పాత వెర్షన్ బ్రౌజర్‌లో వేరే లెక్క వచ్చే అవకాశం ఉంది. మీ కోడ్ మారకుండా ఫలితం మారగలదు. కోడ్ నడిచేది మీ ఇంటి బ్రౌజర్‌లో ఒక్కదానిలోనే కాదని ఇక్కడే గ్రహించాలి.

టెక్స్ట్‌కంటెంట్ వాడాం, ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్ (చివరి నాలుగు అక్షరాలూ క్యాపిటల్) కూడా ఇదే పని చేస్తుందని ఎక్కడో చదువుతారు. రాసిన మాటల్ని కింద మళ్లీ చూపించే వరుస ఒకటి చేర్చి, ముందు ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌తో ప్రయత్నించండి, పెట్టెలో ఏదో ఒక మాటని బోల్డ్ ట్యాగ్‌లో చుట్టి రాయండి. కింద నిజంగానే బోల్డ్‌లో కనిపిస్తుంది, అంటే వాడేవాళ్లు టైప్ చేసినదాన్ని బ్రౌజర్ కోడ్‌గా తీసుకుంది. లేని బొమ్మని పిలిచే ఇమేజ్ ట్యాగ్‌లో ఆన్‌ఎర్రర్ పెట్టి దాని ద్వారా జావాస్క్రిప్ట్ కూడా నడిపించవచ్చు. ఒకరు రాసింది ఇంకొకరి తెర మీద కనిపించే ఏ సైట్‌లోనైనా ఇది దాడికి దారి. మనుషులు టైప్ చేసింది ఎప్పుడూ టెక్స్ట్‌కంటెంట్‌లోనే పెట్టండి, ఇందులో మినహాయింపులు వెతక్కండి.

ఐదో అడుగు: గుర్తుపెట్టుకునే పేజీ

రిఫ్రెష్ చేస్తే రాసింది పోతోంది. లోకల్‌స్టోరేజ్ అని బ్రౌజర్‌లో ఒక చిన్న అర ఉంటుంది, ఒక్కో సైట్‌కి సుమారు 5 ఎంబీ. సెట్‌ఐటమ్‌తో పేరూ విలువా ఇచ్చి దాచుకోవచ్చు, గెట్‌ఐటమ్‌తో పేరు చెప్పి తీసుకోవచ్చు. ఇన్‌పుట్ ఈవెంట్‌లో దాచే వరుస ఒకటి, ఫైల్ మొదట్లో తీసి పెట్టెలో నింపే వరుస ఒకటి మీరే రాయండి. డెవలపర్ టూల్స్‌లో అప్లికేషన్ ట్యాబ్ కింద, ఫైర్‌ఫాక్స్‌లో స్టోరేజ్ ట్యాబ్ కింద దాచినవి కళ్లతో చూడొచ్చు, చేత్తో మార్చొచ్చు.

ఇప్పుడు పేజీని ఎన్నిసార్లు తెరిచామో చూపిద్దాం. పాత సంఖ్య తీసుకో, ఒకటి కలుపు, దాచు, చూపించు. సులువే కదా:

కాన్స్ట్ సార్లు = లోకల్‌స్టోరేజ్.గెట్‌ఐటమ్("సార్లు") + 1;
లోకల్‌స్టోరేజ్.సెట్‌ఐటమ్("సార్లు", సార్లు);

కన్సోల్‌లో సార్లు అని కొట్టి చూడండి, 1 అని ఉంటుంది. రిఫ్రెష్ చేసి చూస్తే 11. మళ్లీ చేస్తే 111. లోకల్‌స్టోరేజ్ ఏది ఇచ్చినా అక్షరాలుగానే దాస్తుంది. మొదటిసారి ఏమీ లేనందున నల్ వచ్చింది, నల్‌కి ఒకటి కలిపితే 1. రెండోసారి వచ్చింది "1" అనే అక్షరం, దానికి 1 అతికింది. కన్సోల్‌లో చూసిన "53" ఇదే. గెట్‌ఐటమ్ మొత్తాన్ని నంబర్ అనే ఫంక్షన్‌లో చుట్టండి (ఎన్ క్యాపిటల్), దాచినదాన్ని అప్లికేషన్ ట్యాబ్‌లో చెరిపేసి మళ్లీ మొదలుపెట్టండి. ఫారాల్లో టైప్ చేసే అంకెలు కూడా అక్షరాలుగానే వస్తాయి కాబట్టి ఈ తప్పు అక్కడా పొంచి ఉంటుంది.

ఆరో అడుగు: కోడ్‌ని ఆపి చూడటం

కన్సోల్.లాగ్ రాసి విలువలు చూడటం అందరూ చేస్తారు, తప్పేం లేదు. కానీ బ్రేక్‌పాయింట్ అలవాటు చేసుకుంటే నేర్చుకునే వేగం మారిపోతుంది. సోర్సెస్ ట్యాబ్‌లో (ఫైర్‌ఫాక్స్‌లో డీబగ్గర్) మెయిన్ ఫైల్ తెరిచి, ఈవెంట్ లోపలి వరుస నంబర్ మీద క్లిక్ చేయండి. పెట్టెలో ఒక అక్షరం కొట్టండి. పేజీ అక్కడికక్కడే ఆగిపోతుంది, పక్కన ఆ క్షణానికి ఏ పేరులో ఏ విలువ ఉందో మొత్తం కనిపిస్తుంది, ఏ పేరు మీదైనా మౌస్ ఆనిస్తే దాని విలువ చెబుతుంది. ఎఫ్10 కొడితే ఒక వరుస ముందుకి, ఎఫ్8 కొడితే మళ్లీ పరుగు. ఆగి ఉన్నప్పుడు కన్సోల్‌కి వెళ్లి అక్కడున్న పేర్లతో మీరు ప్రయోగాలు కూడా చేయొచ్చు. అర్థం కాని కోడ్ ఎవరిదైనా సరే, చదవడం కంటే ఇలా వరుస వరుసా నడిపి చూడటమే తొందరగా తలకెక్కుతుంది.

ఏడో అడుగు: ఆగే పనులు, తర్వాత వచ్చే జవాబులు

మెయిన్ ఫైల్ చివర మూడు వరుసలు చేర్చండి: కన్సోల్.లాగ్‌తో "ఒకటి", సెట్‌టైమౌట్‌తో సున్నా మిల్లీసెకన్ల తర్వాత "రెండు", మళ్లీ మామూలుగా "మూడు". ఏ వరసలో వస్తాయో ఊహించండి. ఒకటి, మూడు, రెండు. సున్నా అన్నా కూడా తర్వాతే. ఒక పేజీలోని జావాస్క్రిప్ట్ మామూలుగా ఒక్కసారికి ఒక్క పనే చేస్తుంది, చేతిలో ఉన్నది పూర్తయ్యాకే క్యూలో ఉన్నదాన్ని తీసుకుంటుంది. టైమర్లు, క్లిక్‌లు, నెట్ నుంచి వచ్చే జవాబులు అన్నీ ఆ క్యూలోకే వస్తాయి. ఎప్పటికీ ముగియని వైల్ లూప్ ఒకటి పెట్టి చూస్తే పేజీ మొత్తం బిగుసుకుపోతుంది, టైప్ చేసినా స్పందించదు, కారణం అదే. (విండోస్ క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ కొడితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అక్కడ ఆ ట్యాబ్‌ని ఆపేయొచ్చు.)

ఇది పట్టుబడ్డాక ఫెచ్, అంటే సర్వర్ నుంచి ఫైల్ తెప్పించుకునే ఫంక్షన్. అదే ఫోల్డర్‌లో జేసన్ (సమాచారాన్ని టెక్స్ట్‌గా రాసుకునే పద్ధతి) ఫైల్ ఒకటి చేసి అందులో ["అమ్మ", "ఆవు", "స్త్రీ"] అని రాయండి. జేసన్‌లో డబుల్ కోట్సే వాడాలి, చివరి మాట తర్వాత కామా ఉండకూడదు. పేజీలో ఒక బటన్ పెట్టి, నొక్కితే ఫెచ్‌తో ఆ ఫైల్ తెచ్చి పెట్టెలో నింపే కోడ్ రాయండి. ఫైల్‌ని డబుల్ క్లిక్ చేసి తెరిచి ఉంటే క్రోమ్‌లో కోర్స్ ఎర్రర్ వస్తుంది, డిస్క్ మీద ఫైళ్లని పేజీలు ఇష్టమొచ్చినట్టు చదవకుండా బ్రౌజర్ వేసిన అడ్డు అది. వీఎస్ కోడ్‌లో లైవ్ సర్వర్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకుని దాని ద్వారా తెరవండి, పని అయిపోతుంది.

ఇక్కడ అవెయిట్ (జవాబు వచ్చేదాకా ఆగమని చెప్పే మాట) రెండుచోట్ల కావాలి, ఫెచ్ ముందు ఒకటి, వచ్చినదాని మీద జేసన్ పిలిచేటప్పుడు ఇంకొకటి. అవెయిట్ ఉన్న ఫంక్షన్‌కి ముందు ఎసింక్ అని రాయాలి. ఒకటి మర్చిపోతే విలువ బదులు ప్రామిస్ (తర్వాత రాబోయే జవాబుకి గుర్తు) అనే వస్తువు వస్తుంది, పెట్టెలో మాటల బదులు ఆ పేరు కనబడగానే ఎక్కడో అవెయిట్ తప్పిందని తెలుసుకోండి.

తర్వాత ఫైల్ పేరు కావాలని తప్పు రాసి బటన్ నొక్కండి. ఫైల్ లేదని చెబుతుందనుకుంటాం. క్రోమ్ చెప్పేది వేరు: '<' అనే గుర్తు దగ్గర అనుకోని టోకెన్ అంటూ సింటాక్స్ ఎర్రర్. సర్వర్ 404 (అడిగింది దొరకలేదు) అంటూ ఒక హెచ్‌టీఎంఎల్ పేజీ పంపింది, ఫెచ్‌కి మాత్రం ఏదో ఒక జవాబు వచ్చింది కాబట్టి అది తన లెక్కలో సఫలమే, ఆ హెచ్‌టీఎంఎల్‌ని జేసన్‌గా చదవబోయి మొదటి గుర్తు దగ్గరే తట్టుకుంది. అందుకే జేసన్ పిలిచే ముందు జవాబులోని ఓకే ప్రాపర్టీ నిజమో కాదో చూడాలి. నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి అదే అభ్యర్థన మీద క్లిక్ చేస్తే వెళ్లింది ఏమిటో, వచ్చింది ఏమిటో, ఎంతసేపు పట్టిందో మొత్తం ఉంటుంది. అక్కడే నెట్ వేగాన్ని తగ్గించే ఆప్షన్ ఉంది, 3జీ ఎంచుకుని బటన్ నొక్కండి. జవాబు వచ్చేలోపు మళ్లీ మళ్లీ నొక్కితే ఏమవుతుందో చూసి, దానికి తగ్గట్టు బటన్‌ని కాసేపు డిసేబుల్ చేయడం మీరే రాయండి.

ఇక్కడి నుంచి

అంతా పనిచేశాక ఆ ఫోల్డర్ పక్కన పెట్టి, రెండు మూడు రోజుల తర్వాత ఖాళీ ఫోల్డర్‌లో ఏమీ చూడకుండా మళ్లీ రాయండి. ఎక్కడ ఆగిపోతారో అదే మీకు రాని చోటు, దాన్ని మొజిల్లా వాళ్ల ఎండీఎన్‌లో వెతికి చదవండి, బ్రౌజర్ ప్రోగ్రామింగ్‌కి అంతకంటే నమ్మదగిన డాక్యుమెంటేషన్ నేను చూడలేదు. ఏఐ టూల్స్‌ని అడగాలనిపిస్తే కోడ్ రాసిమ్మని అడక్కండి, మీరు రాసిన కోడ్ ఎందుకు పనిచేయలేదో వివరించమనండి, వచ్చిన వివరణ నిజమో కాదో కన్సోల్‌లో పరీక్షించండి. ప్రాజెక్టుని మీ అవసరానికి పెంచుకోండి: పదాల లెక్క, ఎక్కువసార్లు వచ్చిన పదం, ఇన్ని అక్షరాలు దాటితే ఎర్ర రంగు.

కాస్త కుదురుకున్నాక గిట్‌హబ్ పేజెస్ అనే సైట్ హోస్టింగ్ సేవలో ఉచితంగా పెట్టి ఫోన్‌లో తెరవండి. అక్షరాలు చీమల్లా కనిపిస్తే హెడ్‌లో వ్యూపోర్ట్ మెటా వరుస లేదన్నమాట, అది లేకపోతే ఫోన్ బ్రౌజర్లు పేజీ దాదాపు 980 పిక్సెల్స్ వెడల్పు ఉందనుకుని కుదించి చూపిస్తాయి. ఆ వరుస చేర్చి, టెక్స్ట్‌ఏరియా వెడల్పుని పిక్సెల్స్ నుంచి 100 శాతానికి మార్చి, బాక్స్ సైజింగ్‌ని బోర్డర్ బాక్స్ చేయండి, లేకపోతే ప్యాడింగ్ వల్ల పెట్టె తెర అంచు దాటి పక్కకి జరుగుతుంది.